లైట్‌హౌస్ లెన్ పదో అంతస్తు

2018 మార్చి 6, మంగళవారం

ఉత్తరం వచ్చింది. కాలమ్ అనే కుర్రాడు టప్పెనీ టేప్స్ చరిత్ర రాస్తున్నాడట. మూతపడి ముప్ఫై ఏళ్లయిన కంపెనీకి చరిత్రేమిటి? ఓల్డమ్‌లో కార్పెట్ల కొట్టు మీద రెండు గదులు, ఒక కెటిల్. పెట్రోల్ బంకుల్లో చాక్లెట్ల పక్కన అమ్మే రెండు పౌండ్ల గేమ్ క్యాసెట్లు. నేను టైపిస్టుని. కంప్యూటర్ తగిలించిన టీవీ నా బల్ల పక్కనే ఉండేది కాబట్టి గేములు టెస్ట్ చేసే పని కూడా నా నెత్తిన పడింది.

నా పాత టెస్ట్ ఫారం అతనికి దొరికిందట. లైట్‌హౌస్ లెన్, 1985. చివరిదాకా ఆడాను, సంతకం గ్లెనిస్ ప్లాట్. లోకంలో ఆ గేమ్ పూర్తి చేసినట్టు ఆధారం ఉన్నది నా ఒక్కదాని విషయంలోనేనట. శనివారం వస్తానంటున్నాడు.

ఉత్తరం మడిచి టీ డబ్బా వెనక దాచేశాను.

మార్చి 7

నిజం ఇక్కడైనా రాసుకుంటాను. నేను ఆరో అంతస్తు దాటలేదు.

గేమ్‌లో లెన్ అనే బొమ్మ మనిషిని లైట్‌హౌస్ పది అంతస్తులు ఎక్కించి పైన దీపం వెలిగించాలి. ఆ శుక్రవారం నేనింకా ఆడుతుండగానే, గేమ్ పట్టుకెళ్లడానికి క్యాసెట్ల ఫ్యాక్టరీ వ్యాన్ వచ్చేసింది. డ్రైవర్ కింద ఒకటే హారన్. సంతకం పెట్టేశాను.

తర్వాత పిల్లల ఉత్తరాలు. అందరూ తొమ్మిదో అంతస్తులోనే ఇరుక్కున్నారు. పై మెట్టు అందడం లేదు, మీరెలా ఎక్కారు మిస్ అని. దాటానని ఒక్కళ్లూ రాయలేదు. ఆ మెట్టు అసలు అందదేమోనని అప్పుడే నాకు అనుమానం వచ్చింది. అయినా అందరికీ ఒకటే జవాబు టైపు చేశాను. ఇంకోసారి ప్రయత్నించు, నీకు చేతనవుతుంది అని. పదేళ్ల పిల్లలకి! సిగ్గుగా ఉంది.

మార్చి 10, శనివారం, సాయంత్రం 5

నా నోరు పడిపోను.

కాలమ్ మంచివాడు. కస్టర్డ్ క్రీమ్ బిస్కెట్లు తెచ్చాడు. నిజం చెప్పేద్దామనే కూర్చున్నాను. కానీ దీపం వెలిగాక ఏమవుతుంది మిసెస్ ప్లాట్ అని అంత ఆశగా అడిగేసరికి, ఓడ వస్తుందన్నాను. కెప్టెన్ టోపీ ఊపుతాడని కూడా అన్నాను. టోపీ ఎందుకు? ఎవరడిగారు? అంతా రాసుకున్నాడు. బుధవారం స్టాక్‌పోర్ట్ వెళ్లి, ఆ గేమ్ తయారుచేసిన నైజెల్‌ని కూడా అడుగుతాడట.

నైజెల్! అప్పుడు పదిహేడేళ్లు, మొహం నిండా మొటిమలు. తన గేమ్‌లో ఓడ లేదని వాడికి తెలీదా?

మార్చి 13

అచ్చులో అబద్ధాలకోరునవుతాను. మనవరాలు చదువుతుంది. టీ కూడా సహించడం లేదు.

మార్చి 14, బుధవారం

నైజెల్ ఫోన్ చేశాడు. ఇన్నేళ్ల తర్వాత హలో లేదు, ఏమీ లేదు. ఏ ఓడ తల్లీ అన్నాడు.

నేను నోరు తెరిచేలోపు వాడే గడగడా కక్కేశాడు. అసలు పదో అంతస్తే లేదట! మెమరీ చాల్లేదు, గడువు ముంచుకొచ్చింది. అందుకని తొమ్మిదిలో ఆఖరి మెట్టుని లెన్ గెంతుకి అందనంత ఎత్తులో పెట్టేశాడట. చివరిదాకా ఆడానని నేను సంతకం పెట్టేసరికి, తను నాకు దొరికిపోయాడనీ, నేనే జాలిపడి కాపాడాననీ అనుకున్నాడట. ఎప్పుడు బయటపెడతానోనని ఇన్నేళ్లూ భయమట. తనకొచ్చిన ఉత్తరాలకి మాత్రం, ఆఫీసులో గ్లెనిస్ పూర్తిచేసింది, ఆవిణ్ణి అడగండి అని రాసేవాడట. ఓరి దొంగా, వాళ్లని నా మీదికి తోలింది నువ్వా అన్నాను.

మరి కాలమ్‌కి ఏం చెప్పావురా అంటే, అవును, ఓడ వస్తుందని చెప్పాడట. టోపీ సంగతో? ఎర్ర టోపీ అన్నాడట!

నవ్వి నవ్వి పక్కలు నొప్పెట్టాయి. గుండెల మీది కుంపటి దిగిపోయింది.

నవ్వు ఆగాక, మరి ఆ పిల్లలో, అన్నాడు నైజెల్. నేనూ అదే అనుకుంటున్నానన్నాను.

మార్చి 15

నైజెల్ ఇంటికొచ్చాడు. ఇద్దరం కలిసి కాలమ్‌కి ఫోన్ చేసి మొత్తం చెప్పేశాం. చివరిదాకా విన్నాడు. తర్వాత, టోపీ కూడా అబద్ధమేనా అని అడిగాడు పాపం. ఉన్నదున్నట్టు రాయమన్నాం, మా పేర్లతో సహా. మధ్యాహ్నం చిప్స్ తెప్పించుకుని పూర్తిగా తిన్నాను. ఎంత హాయిగా ఉందో.

నవంబర్ 22

పుస్తకం వచ్చి మూడు వారాలైంది. ఇవాళ హల్ ఊరి నుంచి ఒక కార్డు. ఎవరో గ్యారెత్, నలభై మూడేళ్లట. రెండే ముక్కలు రాశాడు.

అయితే నాకు చేతకాక కాదన్నమాట. థాంక్యూ మిస్.