వెయ్యి కిలోమీటర్ల దాకా

జూన్ 1, శనివారం

బండి వచ్చింది.

షోరూమ్‌లో సేల్స్‌మన్ తాళాలు తీసుకెళ్ళి బావగారి చేతిలో పెట్టాడు. బుక్ చేసింది నేను. సంతకాలన్నీ నావి. ఫొటో తీస్తాం, మేడమ్ వెనక సీట్లో కూర్చోండి అన్నాడు. బావగారు నవ్వి, అయ్యో, ఓనరమ్మ ఈవిడేనయ్యా, నేను ఉత్త డ్రైవర్ని అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నాకు అసహ్యం వేసింది అక్కడే. నవ్వాల్సిన పని లేదు.

ఇంటికి బావగారే నడుపుకొచ్చారు. కొత్త బండి కదా, నీ చేతికి ఇప్పుడే వద్దులే మరదలా అన్నారు. నేను ఆయన స్కూటర్ మీద వెనకాల వచ్చాను. నా బండి చప్పుడు నా ముందు వెళ్తోంది.

జూన్ 2, ఆదివారం, ఉదయం

ఎవరూ లేవకముందే తీశాను.

ఈ బండి ఎందుకు కావాలనుకున్నానో ఒకసారి రాసుకోవాలి, తర్వాత మర్చిపోతానేమో. లైబ్రరీకి వచ్చే మోటార్ పత్రికలు రిజిస్టర్లో ఎక్కించేది నేనే. ఎక్కించే ముందు చదువుతాను. నాలుగేళ్ళుగా చదువుతున్నాను. ఒకరోజు గేటు బయట ఇలాంటి ట్విన్ ఒకటి ఆగింది. రెండు సిలిండర్లు. రెండూ సమానంగా పేలవు, ఒకటి కాస్త తొందరపడుతుంది, రెండోది ఆలస్యం చేస్తుంది. ఇద్దరు మనుషులు ఒకరి మాట పూర్తికాకుండా ఒకరు అందుకుంటున్నట్టు ఉంటుంది. పుస్తకాల ట్రాలీ పట్టుకుని అది వెళ్ళిపోయేదాకా నిలబడ్డాను. ట్రెయినింగ్ స్కూల్లో చేరి, చిన్న బండి మీద నేర్చుకుని, లైసెన్స్ తీసుకున్నది ఆ చప్పుడు కోసమే.

ఇవాళ ఆ చప్పుడు నా కింద ఉంది. నాకు వినబడలేదు. ఆగిన ప్రతిచోటా కాళ్ళు నేలకి ఆనించడానికే సరిపోయింది. బొటనవేళ్ళ మీద నిలబడుతున్నాను, అటకమీది డబ్బా అందుకుంటున్నట్టు.

జూన్ 2, సాయంత్రం

అమ్మ షరతు కూడా రాసి పెడతాను. మొదటి సర్వీస్ దాకా చూద్దాం, నీ వల్ల కాకపోతే మారాం చెయ్యకుండా బావకిచ్చెయ్, ఆయన స్కూటర్ నువ్వు తీసుకో అంది. సరే అన్నాను. నా వల్ల కాకపోవడం ఏమిటి అనుకున్నాను.

మొదటి సర్వీస్ వెయ్యి కిలోమీటర్లకి. అందాకా మెల్లగా నడపాలి, ఇంజిన్ వేగం ఐదువేల ఆర్‌పీఎమ్ దాటించకూడదు. కొత్త ఇంజిన్ లోపలి భాగాలు ఒకదానికొకటి అలవాటు పడాలట. రన్నింగ్-ఇన్ అంటారు. స్పోర్టీ బండి కొనుక్కుని ఊరేగింపులో వెళ్తున్నట్టు వెళ్ళాలి. సైకిళ్ళు దాటిపోతున్నాయి.

జూన్ 5, బుధవారం

మణికట్లు వాచాయి. శరీరం బరువంతా ముందుకు జారి హ్యాండిల్ మీద పడుతోంది. బ్రేక్ లీవర్ నా వేళ్ళకి ఎక్కడో దూరంగా ఉంది, దాన్ని అందుకోవాలంటే అరచెయ్యి గ్రిప్ వదలాలి. లైబ్రరీలో ముద్ర వెయ్యడానికి ఎడమచెయ్యి వాడాను. అన్నీ వంకర.

పత్రికల్లో ఈ సంగతి ఎవరూ రాయలేదు. ఆ రాసేవాళ్ళంతా ఆరడుగుల మగాళ్ళు. మణికట్లు వాచేలా ముందుకు వంచే బండిని షార్ప్ అని రాస్తారు. ఇంజిన్ వేడి కుడి పిక్క కాలుస్తుంటే దాన్ని క్యారెక్టర్ అని రాస్తారు.

హెల్మెట్‌ని రిటర్న్ వచ్చిన పుస్తకాల బల్ల మీద పెట్టానని మా పెద్ద లైబ్రేరియన్ రెండు వేళ్ళతో ఎత్తి కింద పెట్టింది. ఏమ్మా, నీకిది అవసరమా అంది. మేం ఆవిడని సైలెన్స్ మేడమ్ అంటాం. సైలెన్స్‌గా ఉండలేకపోయింది.

జూన్ 8, శనివారం

పడేశాను.

లైబ్రరీ గేటు దగ్గర, ఆగి ఉన్న బండిని. ఆగి ఉండగా! ఒక కాలు గుంతలో పడింది, బొటనవేలికి నేల దొరకలేదు, బండి మెల్లగా పక్కకి ఒరిగింది, నేను దానితోపాటు ఒరిగాను. దెబ్బ తగల్లేదు. లీవర్ చివర గీసుకుపోయింది. నలుగురు పరిగెత్తుకొచ్చారు. ఒకాయన నన్ను లేపకుండా బండిని లేపాడు. ఇంకొకాయన, ఇలాంటివి ఆడవాళ్ళకెందుకు ఇస్తారండీ అని నన్నే అడిగాడు. నేను థాంక్యూ అన్నాను. కాన్వెంట్ చదువు. చెంపదెబ్బ కొట్టినా థాంక్యూ అని వస్తుంది నోట్లోంచి.

సాయంత్రం బావగారు ఆ గీత మీద బొటనవేలు పెట్టి అటూ ఇటూ రుద్దారు, పసిబిడ్డ బుగ్గ నిమిరినట్టు. అయ్యయ్యో, చూసి మరదలా అన్నారు. నాకేమైనా అయిందా అని అడగలేదు.

జూన్ 12, బుధవారం

అద్దాల్లో నా మోచేతులు తప్ప ఏమీ కనబడవు. మోచేతులు ఇంత నల్లగా ఉన్నాయని తెలియదు.

జూన్ 15, శనివారం

బావగారు జాకెట్ కొనుక్కున్నారు. ఎరుపు. నా ట్యాంక్ రంగు. హెల్మెట్ కూడా. దేనికి బావా అంటే, ముందుచూపు ఉండాలి కదమ్మా అన్నారు.

ఆయనా అక్కా కింద వాటాలో, నేనూ అమ్మా పైన. బండి ఉండేది వాళ్ళ గుమ్మం ముందు. రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా ఆగి ఉన్న బండెక్కి కూర్చుంటారు. కదలరు. కూర్చుని మీటర్ చూస్తారు. ఎంత తిరిగిందో నాకన్నా ఆయనకే బాగా తెలుసు. త్వరగా వెయ్యి కొట్టెయ్ మరదలా, ఎన్నాళ్ళు మోస్తావు ఈ భారం అంటారు. అక్క గుమ్మంలో నిలబడి, మీరు దాని మీదే భోంచేస్తారా ఏంటి అంటుంది.

ఇవాళ గేర్ మరీ విసిగించింది. సిగ్నల్ దగ్గర ఫస్ట్‌లోకి దించాలంటే పాదం మొత్తం ఎత్తి తొక్కాలి. రెండుసార్లు ఆగిపోయింది. వెనక కారువాడు హార్న్ మీద చెయ్యి పెట్టి తీయలేదు.

మెట్లెక్కగానే అమ్మతో చెప్పాను, నా వల్ల కావడం లేదని. అమ్మ సంతోషించింది, కనబడకుండా. రేపు కాక వచ్చే ఆదివారం ఇచ్చెయ్, అప్పటికి సర్వీస్ కూడా అయిపోతుంది అంది. సరే అన్నాను. నాలుగేళ్ళు చదివినదంతా ఒక సరేతో పోయింది.

గోడవైపు తిరిగి పడుకున్నాను. నా ఒళ్ళంటే నాకు రోత. ఈ వేళ్ళు, ఈ పొట్టి కాళ్ళు.

జూన్ 18, మంగళవారం

ఇవ్వబోయే బండికి కూడా చెయిన్‌కి లూబ్ వెయ్యాలి. పద్ధతి ప్రకారం ఇవ్వాలి కదా. బండిని గోడ పక్కన కాస్త కాస్త ముందుకు తోస్తూ, ప్రతిసారీ కూర్చుని చెయిన్ ఎదురైనంత మేర స్ప్రే కొడుతున్నాను.

అలా కూర్చున్నప్పుడు వెనక స్ప్రింగ్ కంటబడింది. దాని పైన ఒక రింగ్ ఉంటుంది, మెట్లు మెట్లుగా. బరువైన మనిషికి రింగ్ తిప్పి పెంచుతారు, అప్పుడు వెనకభాగం లేచి గట్టిపడుతుంది. తేలిక మనిషికి తగ్గిస్తారు. ఏడు మెట్లు. కంపెనీ నుంచి వచ్చేటప్పుడు మూడో మెట్టు మీద ఉంటుందని మాన్యువల్‌లో ఉంది. మాన్యువల్ నాకు దాదాపు కంఠతా వచ్చు. బండి రాకముందే చదివాను.

నాది ఏడో మెట్టు మీద ఉంది. రింగ్ అంచున పెయింట్ లేచిపోయి ఇనుము మెరుస్తోంది. ఎవరో స్పానర్ వేసి తిప్పారు.

లేచి లీవర్లు చూశాను. వాటి మొదట్లో చిన్న డయల్ ఉంటుంది, వేళ్ళకి దగ్గరగా పెట్టుకోవాలన్నా దూరంగా పెట్టుకోవాలన్నా. రెండూ అన్నిటికన్నా దూరంగా ఉన్నాయి. గేర్ పెడల్ చూశాను. లాక్ నట్ మీద కూడా గీతలు. పెద్ద బూటు పట్టేటంత పైకి ఎత్తి బిగించారు.

బొటనవేళ్ళ మీద నిలబెట్టింది ఆ ఏడో మెట్టు. మణికట్లు వాచేలా ముందుకు తోసింది అది. నేను నా కాళ్ళని తిట్టుకున్నాను.

నాకెందుకు అనుమానం రాలేదు? కొత్త బండి కదా, ఎలా ఉండాలో అలాగే వస్తుంది అనుకున్నాను. అచ్చయిందంటే నిజమే అనుకునే బుద్ధి.

జూన్ 19, బుధవారం, మధ్యాహ్నం

లైబ్రరీ వెనక మెట్ల మీద కూర్చుని షోరూమ్‌కి ఫోన్ చేశాను. సర్వీస్ అడ్వైజర్ చాలా మర్యాదగా మాట్లాడాడు. ఫ్యాక్టరీ సెట్టింగ్ కాదు మేడమ్, మీ సార్ డెలివరీ ముందురోజు వచ్చి దగ్గరుండి చేయించుకున్నారు, బండెక్కి కూర్చుని మరీ కొలతలు చూసుకున్నారు, చాలా ఇంట్రెస్ట్ సార్‌కి అన్నాడు.

నడిపేది నేను కదా, అది ఆయనకి తెలుసు కదా అన్నాను.

తెలుసు మేడమ్ అన్నాడు. సార్ చెప్పారు, రన్నింగ్-ఇన్ దాకా మా మరదలు నడుపుతుంది, ఆడపిల్ల చేతిలో అయితే ఇంజిన్ మెత్తగా సెట్ అవుతుంది, నాకైతే వెయ్యి కిలోమీటర్లు ఓపిక పట్టడం నా వల్ల కాదు అని నవ్వారు. నిజమే మేడమ్, లేడీస్ రన్నింగ్-ఇన్ చేసిన బండ్లు బాగుంటాయి. సాటర్డే సర్వీస్‌కి సార్ వస్తారా మీరా?

థాంక్యూ అన్నాను.

జూన్ 19, సాయంత్రం

షోరూమ్‌లో విన్నది చెప్పి అక్కని అడిగాను. బట్టలు మడతపెడుతోంది. మడతపెడుతూనే చెప్పింది, ఆయన సరదాకి అంటుంటారే, మగాళ్ళ మాటలు, నీతో చెప్తే ఏడుస్తావని చెప్పలేదు అని. నీకు తెలుసన్నమాట అన్నాను. తెలిసిందేముంది, నువ్వెలాగూ నడపలేకపోతున్నావు కదా అంది.

ఎందుకు నడపలేకపోతున్నానో చెప్పాను. దాని చేతిలో బావ చొక్కా ఉంది. కాలర్ సరిచేసి, మళ్ళీ సరిచేసి, పక్కన పెట్టింది. ఈ స్ప్రింగుల సంగతి నాకు తెలీదే అంది. అది నిజం. మొహం చూస్తే తెలుస్తుంది.

కొత్త చెప్పులు కరిస్తే, కాస్త వదులయ్యేదాకా ఇంట్లో వేరేవాళ్ళని తొడుక్కోమంటారే. ఆ వేరే మనిషిని నేను.

జూన్ 20, గురువారం

బస్సులో వెళ్ళాను. ఎవరి మొహమూ చూడాలనిపించలేదు.

జూన్ 21, శుక్రవారం

సెలవు పెట్టాను. బావ ఆఫీసుకి వెళ్ళాక సీటు కింది టూల్‌కిట్ తీశాను. కొక్కెంలాంటి స్పానర్ ఒకటి ఉంటుంది, రింగ్ కోసమే. మాన్యువల్‌లో బొమ్మ వేసి బాణం గుర్తు పెట్టి తిప్పండి అన్నారు, అదేదో సీసా మూత అయినట్టు. రింగ్ కదల్లేదు. స్పానర్ జారి వేలి కణుపులు చక్రానికి కొట్టుకుని చర్మం లేచిపోయింది. గ్రీజు, రక్తం, చెమట. ఇంతకన్నా అసహ్యంగా నేనెప్పుడూ లేను. కాన్వెంట్ సిస్టర్స్ ఎవరైనా చూస్తే సబ్బు చేతికిచ్చి మోకాళ్ళ మీద నిలబెట్టేవారు.

అక్క బయటికి వచ్చి చూసింది. ఏం చేస్తున్నావని అడగలేదు. లోపలికి వెళ్ళి పాత తువ్వాలు తెచ్చి, స్పానర్‌కి చుట్టి పట్టుకో జారదు అంది. ఇద్దరం కలిసి లాగాం. రింగ్ టక్కుమని ఒక మెట్టు దిగింది. అక్క గబుక్కున చెయ్యి తీసేసి, నాకేం తెలీదు సుమా అని లోపలికి వెళ్ళిపోయింది. మిగతావి నేనే దించాను, రెండో మెట్టు దాకా. లీవర్లు దగ్గరకి తెచ్చాను. పెడల్ కిందికి దించి బిగించాను.

తర్వాత వీధి చివరిదాకా వెళ్ళి ఆగాను. రెండు పాదాల ముందుభాగాలూ నేల మీద ఆనాయి. ఆగి ఉన్నాను. ఏమీ జరగడం లేదు. అలా చాలాసేపు ఆగాను.

సీటు ఇప్పటికీ రాయిలాగే ఉంది. కుడి పిక్క ఇప్పటికీ కాలుతోంది. అద్దాల్లో ఇప్పటికీ మోచేతులే. కానీ మూలమలుపు దగ్గర బండి నాతోపాటే వంగింది. మా ఇద్దరి మధ్య కూర్చున్న మనిషి దిగిపోయాడు.

జూన్ 22, శనివారం

సర్వీస్‌కి నేనే తీసుకెళ్ళాను. సార్ రాలేదా అని అడిగాడు అడ్వైజర్. రాలేదన్నాను. ఆయిల్ మార్చండి, రింగ్ జోలికి, లీవర్ల జోలికి పోవద్దు అన్నాను. అలాగే మేడమ్ అని కాగితం మీద రాసుకుంటూ, సార్‌కి ఇబ్బంది అవుతుందేమో అన్నాడు. అవుతుందన్నాను.

జూన్ 23, ఆదివారం

పొద్దున్నే బావ జాకెట్ వేసుకుని దిగాడు. ఎండ అప్పటికే మాడుస్తోంది. అమ్మ మెట్ల మీద, అక్క గుమ్మంలో. ఏదో ప్రారంభోత్సవంలాగా.

తాళం చేతిలోనే పెట్టుకున్నాను. బావ అదేం పట్టించుకోలేదు, ముందు ఎక్కి కూర్చున్నాడు, రోజూ కూర్చున్నట్టే. వెంటనే మొహం మారిపోయింది. సీటు మీద ఎగిరెగిరి చూశాడు, వెనకభాగం కుంగింది. లీవర్ పట్టుకుంటే అది ముందే చేతిలోకి వచ్చేసింది. బూటు పెడల్ కింద దూరలేదు. ఇదేంటి, బండి మొత్తం పాడుచేసి పెట్టావు, చిన్నపిల్లల బొమ్మలాగా చేశావు అన్నాడు.

నాకు సరిపోయేలా పెట్టుకున్నాను, ఇవ్వడం లేదు అన్నాను.

వినబడలేదు, ఏమిటీ అన్నాడు. నా గొంతు అంతే. రెండోసారి చెప్పాల్సి వచ్చింది. రెండోసారి చెప్పడం మొదటిసారికన్నా తేలిక.

మాటిచ్చావు కదా అన్నాడు. నా వల్ల కాకపోతే ఇస్తానన్నాను, ఇప్పుడు అవుతోంది అన్నాను. ఎందుకు కాలేదో చెప్పనా అన్నాను, అమ్మ వైపు చూస్తూ. చెప్పాను. షోరూమ్‌లో ఆయన అన్న మాట కూడా చెప్పాను, ఉన్నదున్నట్టు. అబ్బ, సరదాకి అన్నదాన్ని పట్టుకుని అంటూ దిగాడు. అమ్మ ఆయన వైపు ఒకసారి చూసి, మెట్లెక్కి వెళ్ళిపోయింది. తలుపు వేసుకున్న చప్పుడు వినబడింది.

అక్క మాత్రం, ముందు ఆ జాకెట్ విప్పండి, ఉడికిపోతారు అంది. నవ్వు ఆపుకోలేక చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆయన విప్పలేదు. అలాగే స్కూటర్ తీసుకుని వెళ్ళిపోయాడు.

జూన్ 24, సోమవారం

తెల్లవారుజామున ఊరు దాటి వెళ్ళాను. ఐదువేలు దాటించాను. తర్వాత చాలా దాటించాను.

గొంతు బొంగురుపోయింది. హెల్మెట్ లోపల ఏదో అరిచానన్నమాట. ఏమరిచానో గుర్తు లేదు.