తోమకూడని గిన్నె

మొన్న మంగళవారం మా పెద్దవాడు వడ్రంగిని వెంటబెట్టుకొచ్చాడు. వాళ్ల నాన్న యుద్ధం నుంచి తెచ్చిన వస్తువులకు అద్దాల బీరువా చేయించి, మాజీ సైనికుల హాల్లో పెడతాడట. కొలతలు తీయించాడు. వచ్చేవారం నాకు ఆపరేషన్. ఇంకా వాయిదా వేస్తే ఈ మాట నాతోనే పోతుందని కలం పట్టాను.

నాకు యాభై ఏళ్లు. ఆసుపత్రి కుట్టుగదిలో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నాను. ఒంట్లో బాగాలేకపోయినా బుద్ధి స్థిమితంగానే ఉంది. ఎవరి బలవంతమూ లేకుండా, దేవుణ్ణి తలుచుకుని, నా చేత్తో నేను రాస్తున్న వీలునామా ఇది. ఇంతకుముందు ఏదీ రాయలేదు. దీన్ని అమలు జరిపే బాధ్యత పక్కింటి మాష్టారికి అప్పగిస్తున్నాను.

1. ఇల్లు పెద్దవాడికీ కూతురికీ చెరి సగం. వెనక గది కోసం పోట్లాడుకోకండి. వానొస్తే అందులో ఎవరూ ఉండలేరు.

2. కుట్టుమిషను కోడలికి. కాస్త బిగుసుకుంటుంది. నూనె వేస్తే చాలు, తిట్టక్కర్లేదు.

3. మా ఆయన పతకాలు రెండూ, బూట్లు, జీతంతో కొనుక్కున్న చేతిగడియారం పెద్దవాడికి. ఇవి ఆయన సొంతం. బీరువాలో పెట్టుకో నాన్నా, నాకేం అభ్యంతరం లేదు.

4. యుద్ధంలో ఆయన కప్పుకున్న కంబళిని మా ఆడపడుచు రెండు రోజులకని తీసుకెళ్లి పదకొండేళ్లయింది. అది ఆవిడకే రాస్తున్నాను, ఇక అడగను. "మా అన్న ప్రాణాలకు తెగించి తెచ్చినవాటి విలువ నీకేం తెలుసు, గిన్నెలు తోముకునేదానివి" అని పదిమందిలో అన్న మాట మాత్రం మరిచిపోలేదు. ఆవిణ్ణి క్షమించే మనసివ్వమని రోజూ ప్రార్థిస్తున్నాను. ఇంకా కుదరలేదు.

5. అరచేతిలో పట్టే రాగి గిన్నె. దీని గురించి వివరంగా రాయాలి.

అది శత్రు సైనికుడిదనీ, ఎదురెదురుగా పోరాడి గెలుచుకున్నాననీ ఆయన చెప్పారు. అడుగున సన్నని తీగలా ఏదో చెక్కి ఉంది. ముచ్చటగా ఉందని దేవుడి ముందు పెట్టుకున్నాను. పంతొమ్మిదేళ్లు రోజూ పొద్దున్నే బూడిదతో తళతళలాడేలా తోమి, నీళ్లు నింపి దండం పెట్టుకున్నాను.

చివరి జబ్బులో ఒక మధ్యాహ్నం ఆయన, "గిన్నె మీద వాడి పేరు ఇంకా ఉందా?" అన్నారు. పేరేమిటండీ అన్నాను. అప్పుడు చెప్పారు. వాడు పోరాడలేదు. కాలికి దెబ్బ తగిలి, తుపాకీ పారేసి, గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఆ గిన్నె చాచి నీళ్లడిగాడు. ఈయన గిన్నె లాక్కుని వాణ్ణి కాల్చేశారు. "నా దగ్గర నీళ్లున్నాయి" అని మూడుసార్లు అన్నారు. తర్వాత నాలుగో రోజున పోయారు.

నేను తీగ అనుకున్నది వాళ్ల లిపి. ఆ పేరు పట్టుకుని ఇంటివాళ్లను వెతికి ఇచ్చేద్దామని మాష్టారి దగ్గరికి పరిగెత్తాను. భూతద్దం పెట్టి చూశారు. రెండక్షరాలు మిగిలాయి. "రెండక్షరాలతో మనిషి దొరకడమ్మా" అన్నారు. మిగతావి నేనే అరగదీశాను, దేవుడి పేరు చెప్పి.

ఈ గిన్నె నా కూతురికి. బీరువాలో పెట్టకూడదు, అమ్మకూడదు, దేవుడి ముందు పెట్టకూడదు. ఎప్పుడూ తోమకూడదు, నల్లబడనివ్వాలి. ఆ రెండక్షరాలనూ మాష్టారు కాగితం మీద దింపి ఇస్తారు. యుద్ధంలో తప్పిపోయినవాళ్ల వివరాలు చూసే కార్యాలయానికి ఏడాదికోసారి ఉత్తరం రాయి తల్లీ. ఆరేళ్లుగా నాకు జవాబు రాలేదు. అయినా రాయి.

6. పెద్దవాడా, హాల్లో ఆ గిన్నె గురించి నువ్వు చెప్పే కథ ఇక చెప్పకు. నిజం నేను నోటితో చెప్పాల్సింది. నువ్వు "మా నాన్న" అని మొదలుపెట్టినప్పుడల్లా లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను. అది నా తప్పు. నీకు టైఫాయిడ్ వచ్చినప్పుడు పద్దెనిమిది రోజులు నిన్ను భుజం మీంచి దించనిది కూడా ఆ మనిషే. అదీ నిజమే.

7. సాక్షులు నా సంతకం మాత్రమే చూశారు, లోపల చదవలేదు. ఈ కాగితాలు నా పిల్లలిద్దరూ, మాష్టారూ చదవాలి. చింపకండి, చింపితే ఆయన చెప్పిన అబద్ధమే మిగులుతుంది. ఇంకెవరికీ చూపించకండి, మీ నాన్నను మీ అంతగా తెలిసినవాళ్లు బయట ఎవరూ లేరు. బట్టల అడుగున దాచండి.

తేది: మార్చి 14, గురువారం

సంతకం: కుట్టుగది అక్క అని అందరూ పిలిచే నేను

సాక్షులు:
1. నా పక్క మిషను మీద కుట్టే ఆవిడ
2. వీధి చివర మందుల కొట్టాయన