మెడ గడ్డ ముక్కను మరల తీయించుట గురించి

బోధన్,
సోమవారం.

కంఠేశ్వర్‌లోని గోదావరమ్మ ధర్మాసుపత్రి సూపరింటెండెంటు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా భార్య నాగకుమారి మెడ గడ్డ నుండి పరీక్ష ముక్కను వెంటనే మరల తీయించుట – విన్నపము.

చక్కెర మిల్లు ప్రయోగశాలలో ఇరవై రెండేళ్లు చెరకు రసం నమూనాలు మోసి, మిల్లు మూతపడగా ఇంట కూర్చున్న చెన్నకేశవరావు వ్రాసుకొను అర్జీ.

1. నా భార్యకు పదకొండేళ్లుగా కీళ్లవాతము కలదు. ఒంటిని కాచవలసిన కణములే ఒంటి మీద పడి కొట్టు జబ్బని తమ డాక్టరు గారు సెలవిచ్చిరి. ఏళ్ల తరబడి అట్లు రెచ్చిన కణములలోనే, అరుదుగా కొందరికి, టి-కణ లింఫోమా అను క్యాన్సరు పుట్టవచ్చుననియు, ఈ గడ్డ అదియో కాదో ముక్క చూడనిదే చెప్పలేమనియు అన్నారు. రెండు నెలల్లో ఆమె చిక్కిపోయి చీరకు రెండు కుచ్చిళ్లు పెరిగినవి. నాకు భయముగా ఉన్నది.

2. గత నెల 9న ముక్క తీసి, సీసాలో వేసి, హైదరాబాదు ల్యాబులో ఇమ్మని నా చేతికిచ్చిరి. మార్గమధ్యమున సీసాలోని ద్రవము మారుట సంభవించినది. మర్నాడు ల్యాబులో ఆత్మారాం అను ఉద్యోగి మూత తీసి, "గిదేంది సార్, మందునీళ్లు ఏడ పోయినయ్? ముక్క మొత్తం కరాబైంది. గిండ్ల ఏం కనవడది" అన్నాడు.

3. మరల తీయుటకు ఏడు వారములు ఆగవలెనని తమ కౌంటరు వారి జవాబు. గడ్డ ఆగుట లేదు. చింతగింజంత ఉన్నది నిమ్మకాయంత అయినది.

కావున ఈ వారమే ముక్క తీయించుటయే గాక, "మా పొరపాటు వలన మొదటి ముక్క చెడినది, వెంటనే రావలెను" అని తమ ఆసుపత్రి నుండి ఆమె పేర ఒక ఉత్తరము పంప ప్రార్థన. ఈ రెండవ కోరిక వింతగా తోచును. అయినను కోరుచున్నాను. చిత్తగించవలెను.

తమ విధేయుడు,
చెన్నకేశవరావు

తా.క.: ద్రవం తనంతట తాను మారలేదండి. నేనే పారబోశాను. మిల్లులో నమూనాలో వేరే చుక్క పడనిచ్చేవాళ్లం కాదు. కడిగిన సీసా, చుట్టూ ఐసు, నాకు తెలిసిన పని అదే. కళ్లు మండించే ఆ నీళ్లే ముక్క చెడకుండా కాచే మందని తెలియక, సీసా కడగకుండా ఇచ్చారనుకున్నాను. ముక్కను మంచినీళ్లతో కడిగి, ఐసులో పెట్టుకుని, ఎంత జాగ్రత్తగా తెచ్చానో అని మురిసిపోతూ వెళ్లాను.

ఇంటికొచ్చి నాగకుమారికి నిజం చెప్పలేదు. ఏమీ లేదని వచ్చిందన్నాను. "మీ నోట్లో చక్కెర పొయ్య" అని నవ్వింది. ఇప్పుడు రమ్మంటే, "ఏమీ లేదన్నాక మళ్లీ కోయించుకోవడమెందుకండీ" అంటోంది.

వారానికొకసారి వేసుకునే కీళ్ల మాత్ర అలాంటి గడ్డకు ఆజ్యం పోయవచ్చు, ఫలితం వచ్చేదాకా ఆపించమని డాక్టరు గారు నాతో చెప్పారు. అప్పుడు ఆపింది కానీ, నొప్పులు పెరగడంతో, ఏమీ లేదు కదా అని నిన్న మళ్లీ మొదలుపెట్టింది. మంచినీళ్ల గ్లాసు నేనే అందించాను.