సోములమ్మ నీళ్ల బుర్ర

ముంచింగిపుట్టు దగ్గర,
1926 జూలై 11, ఆదివారం.

నన్ను చంకనెత్తుకుని పెంచిన రత్నాలప్పకు తమ్ముడు వరహాలరావు అనేక నమస్కారములు చేసి వ్రాయునది. నేను ఇక్కడ క్షేమం, కొండజ్వరం ఇంకా నా జోలికి రాలేదు. నువ్వూ బావగారూ పిల్లలూ కులాసా అని తలుస్తాను.

కొండెక్కి నెల దాటింది. బడి అంటే ఏదో ఊహించుకునేవు! మట్టిగోడలు, గడ్డికప్పు, ఒక నల్లబల్ల. రిజిస్టరులో ఇరవైయేడు పేర్లు, వచ్చేది పదకొండుమంది. వచ్చినవాళ్లయినా కూర్చుంటారా? గుమ్మం ముందు ఉడుత పరిగెడితే వీళ్లూ దాని వెనక పరిగెడతారు. వాన మొదలైతే సగంమంది తడవడానికి పోతారు. నేను తెలుగులో అరుస్తాను, వాళ్లు వాళ్ల భాషలో నవ్వుకుంటారు. నా కోపం సంగతి నీకు తెలిసిందే. తల ప్రాణం తోకకొస్తోంది.

డిసెంబరులో ఇనస్పెక్టరుగారు తనిఖీకి వస్తారట. ఇరవైమంది పిల్లలు కుదురుగా కూర్చుని కనపడకపోతే బడి ఎత్తేస్తామని ఇప్పుడే కాగితం వచ్చింది. బడి పోతే నా ఉద్యోగమూ దానితోనే పోతుంది. కింద ఊళ్లో ఒకసారి పోగొట్టుకున్నవాణ్ణి, ఇక నన్ను పిలిచి ఉద్యోగం ఎవరిస్తారు చెప్పు? అది తలుచుకుంటే అన్నం దిగడం లేదు.

గాసి అని ఒక గుంటడు ఉండేవాడు. ఎక్కాలు ఒకసారి వింటే చాలు, అప్పజెప్పేసేవాడు. రెండో వారంలో మానేశాడు, ఎందుకో ఏమో. వాడు మానేసిన మూడో రోజున ఒక ముసలమ్మ వచ్చి చెప్పాపెట్టకుండా గుమ్మంలో కూర్చుంది. పేరు సోములమ్మ. మాడుగుల సంతలో పసుపు అమ్ముతూ నేర్చుకున్న తెలుగట, బాగానే మాట్లాడుతుంది. పని కోసం వచ్చిందనుకుని ఊడవమన్నాను, నీళ్లు తెమ్మన్నాను. సరేనంది. కూలి మాత్రం వద్దంది. ఉప్పు పొట్లం ఇస్తే తీసుకుంది.

ఊట నీళ్లు ఆనపకాయ బుర్రలో తెచ్చి నాకు ఇస్తుంది. ఆ బుర్రకు పిడీ లేదు, అంచూ లేదు, రెండు చేతులతో పట్టుకోకపోతే జారిపోతుంది. నీళ్లు మాత్రం ఎంత కమ్మగా ఉంటాయనుకున్నావు! ఆవిడ చేతి నీళ్లు తాగుతున్నానని బావగారితో అనకు.

ఇట్లు,
నీ తమ్ముడు వరహాలు.


1926 సెప్టెంబరు 26, ఆదివారం.

మా అప్పకు నమస్కారములు. నువ్వు పంపిన ఆవకాయ జాడీ పగలకుండా చేరింది. తెచ్చిన టపావాడికి రెండు ముక్కలు పెట్టి పంపాను.

నీకో వింత చెప్పాలి. బడికి ఇప్పుడు పందొమ్మిదిమంది వస్తున్నారు. వచ్చి కూర్చుంటున్నారు కూడా! ఇది నా గొప్ప అనుకోకు. సోములమ్మ ఏదో చేస్తోంది. ఏం చేస్తోందో కనిపెట్టాలని నెల రోజుల నుంచి పాఠం చెబుతూ ఒక కన్ను ఆవిడ మీదే వేసి ఉంచాను. నవ్వకు.

ఆవిడ ఎప్పుడూ వెనక వరసలోనే కూర్చుంటుంది. ఒళ్లో అడ్డాకులు పెట్టుకుని విస్తళ్లు కుడుతూ ఉంటుంది. ఎవడైనా కుదురులేక కదులుతుంటే, నాలాగ ఇంత దూరం నుంచి కేక వెయ్యదు. లేచి వాడి పక్కకు పోయి కూర్చుంటుంది. చెవిలో ఒక మాట ఊదుతుంది. అంతే, వాడు పలక మీదికి వంగుతాడు! మంత్రమేమో అనుకున్నాను సుమా. కనక అనే గుంటను పిలిచి, నిన్న నీ చెవిలో ఏమంది అని అడిగితే, ఏటీ లేదు, ఆకలేత్తందేటి అని అడిగింది అంది. తరవాత చూస్తే కనక చేతిలో చోడిరొట్టె ముక్క ఉంది.

భీముడని ఒకడున్నాడు, వాడి కాళ్లు నిలవవు. వాడికి చీపురుపుల్లలు సమంగా విరిచే పని అప్పగించింది. చేతులు పుల్లలు విరుస్తుంటే నోరు ఎక్కాలు చదువుతోంది. పొద్దున్నే పిల్లలతో కలిసి కొండదారిలో నడిచొస్తూ ఎవరింట్లో ఏం జరిగిందో తెలుసుకుంటుంది. మొన్న గుమ్మంలోనే నన్ను ఆపి, బాబూ ఇయాల బుధుని నిలబెట్టకు, ఆడి అమ్మకి జొరం, రేతిరంతా కూకున్నాడు అంది. ట్రైనింగు స్కూల్లో ఇవి నాకు ఒక్కరూ చెప్పలేదప్పా. చెప్పినా నేను విని ఉండను.

ఒక శనివారం ఆవిడ సంతకు పోయింది. ఆవిడ లేకుండా నేనూ నడపగలనని చూపిద్దామనుకున్నాను. రెండో ఎక్కం పూర్తికాలేదు! పిల్లలంతా నాకేసి కాదు, చూరులో దోపిన నా బెత్తంకేసి చూస్తూ కూర్చున్నారు. మధ్యాహ్నానికి ఒకరి వెనక ఒకరు జారుకున్నారు.

ఇంకో సంగతి. ఆవిడకు నా దాహం నాకన్నా ముందు తెలుస్తుంది. నేను అడక్కుండానే రోజుకు పదిసార్లు బుర్ర చేతికిస్తుంది. వీధిబడిలో నువ్వు కంచుచెంబు నిండా మజ్జిగ తెచ్చి నాన్నకు ఇచ్చేదానివి చూడు, అలాగన్నమాట. తాగేటప్పుడల్లా నువ్వు గుర్తుకొస్తావు.

గాసి మాత్రం ఇంకా రాలేదు. ఇంకొక్కడు వస్తే ఇరవై అవుతారు.

నీ తమ్ముడు
వరహాలు.


1926 డిసెంబరు 12, ఆదివారం.

అప్పకూ బావగారికీ నమస్కారములు. ఇక్కడ వలిసెలు పూశాయి, కొండలన్నీ పచ్చగా పసుపు ఆరబోసినట్టున్నాయి. ముందు అసలు మాట వినేయి. బడి ఉంది! నా ఉద్యోగమూ ఉంది!

మొన్న గురువారం ఇనస్పెక్టరుగారు గుర్రం మీద వచ్చారు. మంగ్లు అనే కొత్తవాడు చేరాడు కాబట్టి సరిగ్గా ఇరవైమంది ఉన్నారు. ఆయన లోపలికి వస్తూనే సోములమ్మను చూసి, ఈవిడకు బడిలో పనేమిటి, బయటికి పంపించండి అన్నారు. ఆవిడ విస్తళ్లు తీసుకుని బయటకు పోయి చూరు కింద కూర్చుంది.

పావుగంట బాగానే జరిగింది. అంతలో భీముడు, వాడి కాళ్లు విరగ, లేచి తూలి సిరాబుడ్డిని తన్నేశాడు. సిరా అంతా రిజిస్టరు మీద! ఆరునెలల హాజరు! నోరు ఎప్పుడు తెరిచానో, చెయ్యి ఎప్పుడు చూరులోకి పోయిందో తెలీదు. బెత్తం వేళ్లకు తగిలింది. ఇరవైమందీ ఒక్కసారి లేచి నిలబడ్డారు. ఇంకొక్క క్షణం ఉంటే గుమ్మం దాటేసేవాళ్లు, బడి అక్కడితో సరి.

అప్పుడు కనక కదిలింది. ఎనిమిదేళ్లుంటాయేమో దానికి. తాపీగా కుండ దగ్గరకు పోయింది, బుర్ర ముంచింది, తొణక్కుండా తెచ్చి నా ముందు పట్టింది. ఏం చేస్తాను? రెండు చేతులతో అందుకున్నాను. తాగాను. బుర్ర ఖాళీ అయ్యేసరికి పిల్లలంతా కూర్చుని ఉన్నారు. భీముడు తన గోచీగుడ్డ కొసతో సిరా అద్దుతున్నాడు. రిజిస్టరులో పేర్లు కనపడుతూనే ఉన్నాయి.

ఇనస్పెక్టరుగారు సంతోషించి, మేష్టారి మీద పిల్లలకు ఇంత భక్తి మరెక్కడా చూడలేదని పుస్తకంలో రాసి వెళ్లారు. నీ తమ్ముడు ఇక ఇక్కడే ఉంటాడు. పిల్లలకు ముద్దులు.

ఇట్లు,
వరహాలు.

తా.క. ఉత్తరం మడిచి మళ్లీ విప్పాను. అప్పా, నీకు అబద్ధం రాశాను. గాసి ఎందుకు మానేశాడో నాకు తెలుసు. ఏడో ఎక్కం మధ్యలో లేచి పిట్టను చూడబోయాడని బెత్తంతో కొట్టాను, వీపంతా చారలు తేలేదాకా. ఇక్కడ పిల్లల మీద ఎవరూ చెయ్యి చేసుకోరు. వాడు రెండు రోజులు అడవిలో ఉండిపోయాడట. సిగ్గేసి నీకు రాయలేకపోయాను.

గురువారం సాయంత్రం సోములమ్మను అడిగాను, కనక ఆ వేళప్పుడు నాకు నీళ్లెందుకు తెచ్చింది అని. ఆవిడ విస్తరి కుట్టుకుంటూనే చెప్పింది. గాసి నా మనవడు బాబూ. పనికని రాలేదు నాను, పిల్లలకి కాపలా వచ్చినాను. నీ గొంతు పెద్దదయితే సెయ్యి సూరుకేసి పోద్ది. బుర్ర ఇత్తే రెండు సేతులూ కిందకొత్తాయి. పిల్లలందరికీ ఎరికే అంది. ఇన్నాళ్లూ నేను ఆవిణ్ణి కనిపెడుతున్నాననుకున్నాను, ఆవిడ నన్ను కనిపెడుతోంది. కోపం రాలేదప్పా, ఏడుపొచ్చింది. ఆవిడ పోతూ పోతూ, నీ సెయ్యి సల్లబడింది బాబూ, రేపు గాసిని తెత్తాను అంది. శుక్రవారం తెచ్చింది. వాడు వెనక వరసలో నాయనమ్మను ఆనుకుని కూర్చున్నాడు. నాకేసి చూడలేదు. ఏడో ఎక్కం మాత్రం తప్పు లేకుండా చెప్పాడు.

ఒక్క మాట అడుగుతాను, నిజం రాయి. నాన్న నా మీద బెత్తం ఎత్తిన ప్రతిసారీ నువ్వు వంటింట్లోంచి ఆయనకు మజ్జిగ తెచ్చేదానివి. ఆ కంచుచెంబు కూడా రెండు చేతులతో పట్టుకోవలసిందే కదూ?