తారుమారైన రీళ్ళు

బిట్రగుంట, 8 డిసెంబరు 1962, శనివారం రాత్రి

ఇంకా గుండె దడ తగ్గలేదు! రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో ఇంగ్లీషు సినిమా చూశాం. మునివేళ్ళ మీద బ్యాలే ఆడే పిల్లకు, అద్దంలోని తన బొమ్మే తనను చంపుతుందని భయం. చివరికి స్టేజీ మీదే కూలి చచ్చిపోయింది. మరుక్షణం అదే పిల్ల అద్దం ముందు నవ్వుతూ కాలికి రిబ్బన్లు కట్టుకుంటోంది!

"దయ్యమే!" అంటూ పక్కింటి సూసన్నక్క నా చెయ్యి రక్కేసింది. హాలంతా కేకలు.

ఆపరేటరు లైట్లు వేసి, "గార్డు గారు మద్రాసు నుంచి రీళ్ళ డబ్బాలు తారుమారుగా తెచ్చినారు" అన్నాడు. ఆ రైలు గార్డు మా నాన్నే. పాపం, తలొంచుకున్నాడు.

"ఇదే బాగుండాది, అట్నే పోనీ అన్నా!" అని అందరం అరిచాం.

రేపే ఇన్‌స్టిట్యూట్ స్టేజీ మీద నా డ్యాన్సు. ఇందాక గజ్జెలు కట్టి ఆడి చూసుకున్నాను. అద్దం మీద మాత్రం అమ్మ చీర కప్పి...