చెల్లి షాపులో నా బల్ల

అమ్మా,

నా బల్ల తీసుకెళ్లి స్తుతికి ఇచ్చేశావు. నన్ను ఒక్కమాట అడగలేదు. అందుకే ఈసారి వందనాలూ లేవు, ఇక్కడ అంతా క్షేమమూ లేదు. ఫోన్ చేస్తే స్పీకర్‌లో పెట్టి దానికీ వినిపిస్తావు కాబట్టి రాస్తున్నాను.

“ఒక్క బల్ల కోసం అక్కచెల్లెళ్లు పోట్లాడుకుంటారా?” అని పోయిన ఉత్తరంలో అడిగావు. విను. ఎలక్ట్రాలిసిస్ అంటే గడ్డం మీది వెంట్రుకలను సూదితో ఒక్కొక్కటే మూలం దాకా కాల్చే పని. మనిషి గంటసేపు కదలకుండా పడుకోవాలి. నడుము నొప్పెట్టి కదిలిందా, సూది పక్కకు పోయి మచ్చ పడుతుంది. గుంటూరులో నేను పనిచేసే పార్లర్ బల్ల చెక్కలా ఉంటుంది. అందుకే సెలవు దొరికినప్పుడల్లా షాపులకు వెళ్లి ఒక్కో బల్ల మీద పడుకుని చూశాను. ఒకాయన “పడుకోవడానికొచ్చావా, కొనడానికా?” అన్నాడు. “పడుకోకుండా కొనేవాళ్లు ఉన్నారు కాబట్టే నీ షాపు నడుస్తోంది” అన్నాను.

చివరికి తల వైపు లేచేలా, మోకాళ్ల కింద ఎత్తు ఉండేలా, కూర్చుని పనిచేసేటప్పుడు నా కాళ్లు బల్ల కిందికి దూరేలా బొమ్మ గీసిచ్చాను. చర్చి బెంచీలు చేసే ఎలీషా బాబాయి అచ్చం అలాగే చేశాడు. కింద గట్టి ఫోమ్, పైన మెత్తది. నాకు ఇక్కడ సొంతంగా పని పెట్టుకునే గది దొరికేదాకా ఆయన షెడ్డులో ఉంచాను, అంతే. నాకెవరూ నేర్పలేదమ్మా. సూది కూడా నా పిక్క మీద నేనే గుచ్చుకుని నేర్చుకున్నాను. స్తుతికి సర్టిఫికెట్ ఉంది. అయితే వచ్చినవాళ్లను ఆ సర్టిఫికెట్ మీదే పడుకోబెట్టమను.

మొన్న బుధవారం ఒంగోలులో స్తుతి షాపుకు వెళ్లాను. అది అన్నానికి వెళ్లినప్పుడు నా బల్ల మీద పడుకున్నాను. నడుము గుంటలోకి దిగిపోయింది.

“ఏందే ఇది?” అన్నాను అది రాగానే.

“అమ్మ ఫోమ్ తీయించి పత్తి పెట్టిందక్కా. ఫోమ్ వేడంట!” అంది మురిసిపోతూ.

దిండుకు పత్తి సరే. ఈ బల్లకు పనికిరాదు, ఉండలు కడుతుంది. పని తెలిసినదాన్ని కాబట్టి కోపం వచ్చింది. అంతకన్నా ఎక్కువ కుళ్లు వచ్చింది. బాపయ్యగారి చేలో ఎండలో నువ్వు ఏరిన పత్తి, గింజ తీసి, ఏకి, స్తుతి కోసం నింపావు. ఊరు వదిలి వచ్చిన ఈ ఐదేళ్లలో నా కోసం ఏం చేశావు?

ఇంకోటి దాచాను. గడ్డం వెంట్రుకలు తీయించుకోవడానికి స్తుతి దగ్గరికి వస్తానన్న మౌలాబీగారు ఎందుకు రాలేదో మీకు తెలియదు. “ఆ పిల్ల చేత్తో మచ్చలు పడతాయి” అని ఆవిడకు ఫోన్ చేసి చెప్పింది నేనే. అప్పటికి పత్తి సంగతి నాకు తెలియదు. వట్టి కుళ్లుతో చెప్పాను. ఈ ఉత్తరం వేసి ఆవిడకు నిజం చెబుతాను. నన్ను క్షమించమని స్తుతిని అడుగుతాను. నిన్ను మాత్రం అడగను.

వచ్చే శనివారానికి బల్ల గుంటూరు రావాలి, లోపల ఫోమ్‌తో. స్తుతికి సరిపడే బల్లకు బొమ్మ నేనే గీసిస్తాను. నా బల్లతో పాటు నువ్వు రావాలి. ఒక్క రోజు నా దగ్గర ఉండాలి. స్తుతి రాకూడదు, ఆ రోజంతా దాని పేరు ఎత్తకూడదు. వస్తావో రావో గురువారం లోపల నీ చేత్తో రాసి పంపు. జవాబు రాలేదంటే శుక్రవారం పొద్దున్నే ట్రాలీ ఆటో మాట్లాడుకుని నేనే ఒంగోలు వస్తాను.

ఇట్లు,
నీకు ఇద్దరు కూతుళ్లని గుర్తుచేస్తూ,
పెద్దది, రెబెకా