చిట్టెద్దుకు చెక్కజోళ్ళు

ఊస్టర్‌వెల్డ్, మిషిగన్
1921 మే 16, సోమవారం

క్విల్బీ తోట ట్రాక్టర్ కంపెనీ పెద్దలకు,

హిల్కె వెల్డ్‌కాంప్ అనే నేను కులాసాగానే ఉన్నాను. మీ యంత్రమే మునిగిపోయింది.

మీ పుస్తకం మొదటి పేజీలో ఏమని అచ్చేశారు? "గుర్రం చేసే పనంతా మా చిట్టెద్దు చేస్తుంది" అని కదా? నా గుర్రం డిర్క్ పందొమ్మిదేళ్ళు ఈ నల్లనేల దున్నాడు. ఒక్కనాడూ మునగలేదు. ఫిబ్రవరిలో పోయాడు పాపం. వాడి బదులు మీ చిట్టెద్దును తెప్పించుకున్నాను. పెట్టె విప్పి, పెట్రోలు పోసి, హ్యాండిల్ తిప్పితే లేచింది. లేవడం లేవడమే నన్ను రూబార్బ్ కాడల మడిలోంచి ఈడ్చుకుపోయి పొలంలోకి దిగింది. "హో! హో!" అని గొంతు చించుకున్నాను. డిర్క్ అయితే ఒక్క హోకి ఆగేవాడు. ఇది రెండు చక్రాలూ పూర్తిగా దిగబడ్డాక గానీ ఆగలేదు. ఇప్పుడు పైకి పిడులూ, పెట్రోలు డబ్బా మూతా కనిపిస్తున్నాయి, అంతే.

మీకిది నవ్వులాటేమో, నాకు కాదు. ఇది చర్చి వాళ్ళ నేల, నాలుగెకరాలు, కౌలు నాది. జూన్ ముప్పైలోపు మొత్తం దున్ని సెలెరీ నారు పెట్టకపోతే నా మరిది బేరెండ్‌కి ఇచ్చేస్తామని సంఘం పెద్దలు తీర్మానించారు. ఆ పెద్దల్లో బేరెండ్ కూడా ఒకడు. వాడికి మూడు గుర్రాలున్నాయి. రోజూ కంచె దగ్గరికొచ్చి, "వదినా, నీ ఇనప గుర్రం ఇంకా పడుకునే ఉందా? దుప్పటి ఏమైనా కప్పమంటావా?" అని అడుగుతాడు. అది నేనూ, పోయిన నా భర్తా చిత్తడి అడవి నరికి, కాలవలు తీసి, చేత్తో చేసుకున్న నేల. దాన్ని బేరెండ్ చేతుల్లో పెట్టి నేను బతకలేను.

ఏం చేయాలో వెంటనే రాయండి.

ఒళ్ళు మండుతున్న
హిల్కె వెల్డ్‌కాంప్

తా.క. మా కోడిపుంజు దాని మూత మీదికెక్కి కూస్తోంది. ఈ ఉపయోగం మీ పుస్తకంలో రాయడం మరిచారు.


రసీన్, విస్కాన్సిన్
మే 20

గౌరవనీయులైన శ్రీమతి వెల్డ్‌కాంప్ గారి సముఖానికి,

తమరి యంత్రం మునిగిన వార్తకు కంపెనీ యావత్తూ విచారించింది. తమరి ఉత్తరాన్ని సంబంధిత విభాగాలన్నింటికీ పంపాము. వారి అభిప్రాయాలు ఇలా ఉన్నాయి.

ఇంజనీరింగ్ విభాగం: చిట్టెద్దు పడవ కాదు. చెరువుల్లోనూ, నదుల్లోనూ, మిషిగన్ సరస్సులోనూ నడపరాదు.

హామీ విభాగం: నీటిలో మునిగిన యంత్రానికి హామీ వర్తించదు.

ఫిర్యాదుల విభాగం తమరి పక్షాన గట్టిగా వాదించింది గానీ, మిగతా రెండు విభాగాలూ ఏకమవడంతో ఓడిపోయింది.

ఒక మనవి. సంతకానికి కింద రాసినది వ్యాపార విషయం కాదని మా నిబంధన. అందుచేత తమరి తాజా కలాన్ని చదవకుండానే కత్తిరించి సొరుగులో భద్రపరిచాము. అసలు విషయం పై భాగంలోనే రాయగలరు.

ఇట్లు తమ సేవలో
ఎల్వుడ్ పి. ట్రాస్క్
ఉత్తర ప్రత్యుత్తరాల విభాగం

తా.క. యంత్రాన్ని ఒడ్డుకు చేర్చాక బోర్లించి ఆరబెట్టవలెను.


ఊస్టర్‌వెల్డ్
మే 26

ట్రాస్క్ గారూ,

చెరువేమిటయ్యా! నేల అన్నాను, నల్లనేల. పూర్వం చిత్తడిగా ఉండేది, ఇప్పుడు సాగు నేల. ఆరడుగుల కర్ర గుచ్చితే కర్ర కనిపించదు, సెలెరీ మాత్రం మోకాలెత్తు లేస్తుంది. మీ ఇంజనీర్లు బల్లల దగ్గర్నుంచి లేచి ఎన్నాళ్ళయింది?

మీ సలహా కోసం చూస్తూ కూర్చుంటే పుణ్యకాలం దాటిపోతుందని నేనే పూనుకున్నాను. బేరెండ్ భార్య యానా మంచిది. మొగుడు చర్చి మీటింగుకి వెళ్ళగానే వచ్చింది. ఇద్దరం పలకలు వేసి, తాళ్ళు కట్టి, మధ్యాహ్నం దాకా లాగి దాన్ని గట్టుకి చేర్చాం. యానా అంది: "అక్కా, మన గుర్రాలైనా జోళ్ళు లేకుండా వదిలితే ఇలాగే దిగబడతాయి కదే!" నా బుర్రకి అప్పుడు వెలిగింది.

ఇక్కడ గుర్రాన్ని పొలంలోకి తోలేముందు గిట్టలకి చెక్కజోళ్ళు కడతాం. పళ్ళెమంత పలక, ఇనప పట్టీతో బిగిస్తారు. బరువు పరుచుకుని గుర్రం దిగబడదు. డిర్క్‌వి నాలుగు జోళ్ళు కొట్టంలో మేకుకి వేలాడుతున్నాయి. వాడి తరవాత వాటిని ముట్టుకోలేదు. దించుతుంటే ఏడుపొచ్చింది, దాచను. యానా తన కొట్టంలోంచి పాతవి ఎనిమిది తెచ్చింది. బేరెండ్ చేతి చెక్కడమే అవన్నీ, ఈ చుట్టుపక్కల ఆ పని వాడొక్కడే చేస్తాడు. చక్రానికి ఆరు చొప్పున పన్నెండూ బిగించాం.

నడిచింది, ట్రాస్క్ గారూ! దిగబడకుండా ఈ చివర్నుంచి ఆ చివరి దాకా నడిచింది!

మీకు తెలియజేసిన
హిల్కె వెల్డ్‌కాంప్

తా.క. సంతకం కింద రాసినది చదవరట! మనిషి అసలు మాట గుమ్మం దిగేటప్పుడే కదా చెప్పేది? మీరు చదవరు గనక ధైర్యంగా చెప్తున్నాను: పాతవాడి జోళ్ళు వేసుకుంది కాబట్టి యంత్రానికి వాడి పేరే పెట్టేశాను. ఇకనుంచి అది డిర్క్.


రసీన్
మే 31

గౌరవనీయులైన శ్రీమతి వెల్డ్‌కాంప్ గారి సముఖానికి,

తమరు మా యంత్రానికి గుర్రపు జోళ్ళు తొడిగినట్టు తెలిసి విభాగాలన్నీ నిర్ఘాంతపోయాయి.

ఇంజనీరింగ్ విభాగం: చిట్టెద్దులో డెబ్బై నాలుగు భాగాలున్నాయి, వాటిలో జోడు లేదు. అదృష్టం కోసం గుమ్మానికి గుర్రపు లాడం కొట్టుకోవడం విన్నాము గానీ, ట్రాక్టరుకు కట్టడం ఇదే మొదలు.

హామీ విభాగం: పాత హామీ రద్దయింది. కొత్తగా ఇవ్వబోయే హామీలు కూడా ముందుగానే రద్దయ్యాయి.

జోళ్ళు వెంటనే విప్పించి, యంత్రాన్ని గట్టి నేలమీద నడపగలరు.

ఇట్లు తమ సేవలో
ఎల్వుడ్ పి. ట్రాస్క్

తా.క. తమరి తాజా కలం యథాప్రకారం సొరుగులోకి చేరింది. ఇది కంపెనీ తాజా కలం కాబట్టి తమరు చదవవచ్చును.


ఊస్టర్‌వెల్డ్
జూన్ 6, సోమవారం

ట్రాస్కూ,

ఇక గారూ గీరూ అననయ్యా. నీ ఉత్తరం శనివారం సాయంత్రం చేరింది. ఆదివారం మా ఇళ్ళల్లో బైబిలు తప్ప ఏ కాగితమూ విప్పం. రోజంతా బల్లమీద నన్ను చూస్తూ కూర్చుంది. తీరా విప్పితే ఇదా!

గట్టి నేలమీద నడపాలా? గట్టి నేల ఉంటే నాకు నువ్వెందుకు?

విను. డిర్క్ ఈ వారం రోజుల్లో ఎకరన్నర దున్నాడు. పొద్దున్న చలికి మొండికేస్తాడు. గొంతులో చారెడు పెట్రోలు పోస్తే రెండుసార్లు దగ్గి లేస్తాడు. పోయిన గురువారం కుడి చెవి ఊడి సాళ్ళలో పడితే తీగతో కట్టాను. ఇప్పుడు హో అంటే ఆగుతున్నాడు కూడా. అంటే, నేను హో అంటూ తాడు లాగుతాను, ఆగిపోతాడు. ముసలాడు మళ్ళీ నా ముందు నడుస్తున్నట్టే ఉంది ట్రాస్కూ. సాలు చివర తిరిగినప్పుడు అలవాటుకొద్దీ జేబులో ఆపిల్ ముక్క కోసం తడుముకుంటున్నాను.

ఒకటిన్నర అయింది, రెండున్నర ఉంది. బేరెండ్ కంచె దగ్గర నవ్వడం మానేసి లెక్కపెట్టడం మొదలెట్టాడు.

నడుస్తున్న
హిల్కె

తా.క. ఇంజనీరింగు, హామీ, ఫిర్యాదులు, ఉత్తరాలు, నీ కాగితం అడుగున ఉన్న నాలుగు ముద్రల కిందా నాలుగు సంతకాలు చూశాను. నాలుగింటికీ తోక ఒకేలా తిరిగిందేం? అందరూ ఒకే పంతులు దగ్గర చదివారా?


రసీన్
జూన్ 9

గౌరవనీయులైన శ్రీమతి వెల్డ్‌కాంప్ గారి సముఖానికి,

ఈ ఉత్తరం ఎంతో బరువైన మనసుతో రాస్తున్నాము.

డిర్క్ అనే గుర్రం ఫిబ్రవరిలో మరణించినట్టు తమరే మే పదహారున రాశారు. అదే గుర్రం పోయిన వారం ఎకరన్నర దున్నినట్టు ఇప్పుడు రాశారు. దీనిపై విభాగాల మధ్య తీవ్ర వాగ్వాదం జరిగింది. గుర్రం లేదు, దుఃఖంతో తమరికి కనిపిస్తోందని ఇంజనీరింగ్ విభాగం అంటోంది. గుర్రం ఉంది, తమరు పాపం దాని గొంతులో పెట్రోలు పోస్తున్నారని ఫిర్యాదుల విభాగం అంటోంది. చెవి ఊడిన గుర్రానికి తీగ కట్టిన సంగతి చదివి ఆ విభాగం మధ్యాహ్నం భోజనం చేయలేదు.

ఇద్దరిలో ఎవరి మాట నిజమైనా తమరికి తోడు అవసరమని తోచి, తమరి ఊరి పాస్టరు గారికి అన్ని విభాగాల సంతకాలతో ఒక ఉత్తరం రాశాము. మా ఉద్దేశం మంచిదని నమ్మగలరు.

ఇట్లు తమ క్షేమం కోరే
ఎల్వుడ్ పి. ట్రాస్క్

తా.క. నేనూ ఒక కుక్కను పోగొట్టుకున్నవాడినే. కొంతకాలం అలాగే కనిపిస్తుంది.


ఊస్టర్‌వెల్డ్
జూన్ 27, సోమవారం

ఓరి ట్రాస్కూ!

నీ చేతులు పడిపోను! కాదు, పడిపోవద్దులే. చివరిదాకా చదువు, ఎందుకో తెలుస్తుంది.

నీ ఉత్తరం పాస్టరు డెఫ్రీస్ గారికి చేరింది. ఆయన సంఘం పెద్దలకి చదివి వినిపించారు. బేరెండ్ లేచి, "మతి తప్పిన మనిషి చేతిలో చర్చి నేల ఉంచుతామా?" అన్నాడట. పోయిన మంగళవారం పాస్టరు గారితో కలిపి ఆరుగురూ నల్లకోట్లు తొడుక్కుని నా ఇంటికి దిగారు. మూడు రోజులుగా కురిసిన వాన అప్పుడే వెలిసింది. నాకింకా ఎకరం మిగిలుంది, తొమ్మిది రోజులే గడువు. అయినా వచ్చినవాళ్ళకి కాఫీ పోశాను.

పాస్టరు గారు మెల్లగా అడిగారు. "హిల్కె, డిర్క్ ఎక్కడమ్మా?"

"కొట్టంలో ఉన్నాడండీ."

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బేరెండ్ అన్నాడు: "చచ్చినవాణ్ణి కూడా కట్టేశావా వదినా?"

"కట్టేయకపోతే నీ పెరట్లోకొస్తాడు. రా, చూద్దువుగాని."

తలుపు తీశాను. చిట్టెద్దును చూసి ఆరుగురూ నోళ్ళు వెళ్ళబెట్టారు. తేరుకున్నాక బేరెండ్ వంగి చక్రాలు చూసి కేకేశాడు. "ఇవి నా జోళ్ళు! నా చేత్తో చెక్కినవి!"

"నీ పనితనం గట్టిది కాబట్టే వాడాను మరిదీ," అన్నాను. తిడదామని నోరు తెరిచినవాడు ఆ మాటతో మళ్ళీ వంగి పట్టీల బిగువు చూసుకున్నాడు.

"వానకి నేల ఉడికిన గంజిలా ఉంది. నా గుర్రాలే జోళ్ళతో కూడా పొలంలోకి దిగలేవు. ఇదెక్కడ దిగుతుంది!" అన్నాడు లేచి.

చారెడు పెట్రోలు పోశాను. దగ్గాడు, లేచాడు. ఆరుగురు పెద్దల ముందు నేను ఒక సాలు వెళ్ళాను, ఒక సాలు వచ్చాను. గుర్రమంత బరువు లేదు కదా, నీళ్ళు చిందుతున్నాయి గానీ డిర్క్ వేలెడు కూడా దిగబడలేదు. అరవై మూడేళ్ళ మనిషిని, గట్టుమీదికొచ్చి సిగ్గులేకుండా కేకలు పెట్టాను!

అప్పుడు పాస్టరు గారు కోటు విప్పి నా చేతికిచ్చారు. "నేనొక సాలు పట్టనా హిల్కె?" ఆయనా రైతు బిడ్డే కదా. పట్టారు. మధ్యలో ఎడమ బూటు బురద మింగేసింది. ఒంటి బూటుతోనే సాలు పూర్తి చేసి, "హో!" అని అరిచారు. తాడు సంగతి చెప్పడం మరిచాను. కాలవ అంచుదాకా ఈడ్చుకుపోయింది. నేను పరుగెత్తి తాడు లాగేసరికి ఆయన చెమట తుడుచుకుంటూ పెద్దలవైపు తిరిగి అన్నారు: "సోదరులారా, గుర్రం బతికే ఉంది. ఆవిడకి మతీ ఉంది. ఇక ఇంటికి పదండి."

శనివారం మధ్యాహ్నానికి ఆఖరి సాలులో ఆఖరి నారు పెట్టాను. గడువుకి అయిదు రోజుల ముందే! నేల నాది ట్రాస్కూ! సంఘం పుస్తకంలో నా పేరే రాశారు!

నువ్వు ఆ ఉత్తరం రాయకపోతే ఆరుగురూ వచ్చి చూసేవాళ్ళు కాదు. అందుకే తిట్టు వెనక్కి తీసుకున్నాను.

గెలిచిన
హిల్కె

తా.క. నిన్న ప్రసంగం సాగిసాగి, పాస్టరు గారు తనంతట తనే "హో!" అని ఆపేశారు. బేరెండ్ నోట్లో పిప్పరమెంటు గొంతుకి అడ్డం పడింది. బయటికొచ్చాక గొణిగాడు: "వదినా, నా పల్లపు మడికి డిర్క్‌ని ఒక్కపూట పంపుతావా?"


రసీన్
జూలై 6

హిల్కె అమ్మగారికి,

మీ ఉత్తరం వచ్చేసరికి నేను పొయ్యి ముందు కూర్చుని కంపెనీ దస్త్రాలు కాల్చేస్తున్నాను.

మీ దగ్గర ఇక దాచలేను. క్విల్బీ గారు మార్చిలోనే తాళాలు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. తోట ట్రాక్టర్లు చేస్తామని ఈ వీధిలోనే నలుగురు బోర్డులు కట్టారు, ముగ్గురు దించేశారు. మా బోర్డు దించడానికి నిచ్చెన లేక ఉండిపోయింది. ఇక్కడ మిగిలింది నేనూ, వెనక షెడ్డులో కమ్మరి గస్టావూ. ఈ ఏడాది అమ్ముడుపోయిన చిట్టెద్దు ఒక్కటే, అది మీదే. ఇంజనీరింగ్ విభాగం నేనే. హామీ విభాగం నేనే. ఓడిపోయిన ఫిర్యాదుల విభాగమూ నేనే. మీరడిగిన పంతులు ఒక్కడే, చదివినవాడూ ఒక్కడే. ఒంటరిగా ఉన్న ఆఫీసుకి ఎవరూ ఉత్తరాలు రాయరని భయపడి అంతమందినయ్యాను. మీరు నాతో పోట్లాడుతుంటే పొద్దున్నే తలుపు తీయాలనిపించేది.

కాల్చడానికి సొరుగు లాగితే మీ తాజా కలాలు బయటపడ్డాయి. నేలమీద కూర్చుని అన్నీ ఒక్కసారే చదివాను. డిర్క్ ఎవరో అప్పుడు తెలిసింది. నవ్వి నవ్వి కళ్ళనీళ్ళు తిరిగాయి. పాస్టరు గారికి ఏ మొహంతో క్షమాపణ రాయాలా అనుకుంటుండగా మీ ఉత్తరంతో కలిపి టపా కట్ట వచ్చింది. ఆయన నల్లనేల ఊళ్ళ పాస్టర్లందరికీ రాశారట. ముప్పై ఒక్క ఆర్డర్లు! ప్రతిదాంట్లోనూ ఒకటే మాట: "చెక్కజోళ్ళు వేసినదే కావాలి."

పొయ్యి ఆర్పేశాను. గస్టావ్ మునుపు షెడ్డులో పనిచేసిన స్నేహితుల్ని పిలవడానికి పరుగెత్తాడు. డెబ్బై అయిదో భాగంగా జోడును పుస్తకంలో చేర్చాను. జోళ్ళు ఎవరు చెక్కుతారా అని తల పట్టుకునేలోపు మీ బేరెండ్ నుంచి ఉత్తరం వచ్చింది. పని తనకే ఇవ్వాలట. సంతకం కింద "చెక్కజోళ్ళ విభాగం" అని రాశాడు.

ఒక్క సిగ్గుమాలిన విషయం మిగిలింది. పదకొండేళ్ళుగా ఈ యంత్రాల గురించి రాస్తున్నాను గానీ, పొలంలో అది నడవడం ఒక్కసారీ చూడలేదు. డిర్క్‌ని చూడాలనుంది.

మీ
ఎల్వుడ్

తా.క. మా విభాగాలన్నీ సోమవారం మధ్యాహ్నం బండిలో వస్తున్నాయి. ఒక్క కుర్చీ వేయించండి, చాలు.